తువ్వాలు చాటు బేరం

ఫోనులో మొన్నటిదాకా నేను సభ్యురాలిగా ఉన్న పాత నాణేల గ్రూపు తెరిస్తే అన్నిటికంటే పైన ఈ మాటలు కనబడేవి: "ఇక్కడ ధరలు అడగరాదు, చెప్పరాదు. అమ్మకం లింకులు పెట్టరాదు. మీరినవారిని తొలగిస్తాం."

మొన్న ఒక అమ్మాయి అందులో ఫొటో పెట్టింది. అరచేతిలో నల్లబడిన వెండి బిళ్ళ. "మా అమ్మమ్మ పెట్టెలో దొరికిందండీ. అర్జెంటుగా అమ్మాల్సిన పని పడింది. ఎంత ఉండొచ్చో ఎవరైనా చెబుతారా? తోమితే మంచి రేటు వస్తుందా?" అని అడిగింది. నేను ఫొటో పెద్దది చేసి చూసి, జవాబు రాద్దామనుకునేసరికి ఆ ప్రశ్న లేదు. గ్రూపు నడిపే పెద్దమనిషి దాన్ని తీసేసి, ఆ చోట దండం బొమ్మతో ఒక నీతివాక్యం పెట్టాడు. "ఇది విజ్ఞానం పంచుకునే వేదిక మేడమ్, సంత కాదు." దాని కింద చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. ఆ చప్పట్ల మధ్యలో ఇంకొకాయన "ఇన్‌బాక్స్‌కి రండమ్మా" అని మెల్లగా ఒక మాట జారవిడిచాడు. దాన్ని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సంత కాదట! కూరగాయల సంతలో పక్కామె వంకాయలు ఎంతకి ఇచ్చిందో నలుగురికీ వినబడుతుంది. వీళ్ళ వేదిక మీద ఆ పాటి మర్యాద కూడా లేదు. బీపీ మాత్రలు మింగుతూ ముక్కూమొహం తెలియని పిల్ల కోసం ఇంత కోపమేమిటని మా ఇంట్లో వాళ్ళు నవ్వారు. వాళ్ళకేం, నవ్వుతారు. వాళ్ళు ఆ బోర్డు చూడలేదు.

నేను చూశాను. ఎనభైల్లో, గుంటూరులో, ఒక గ్రంథాలయం మేడమీద గదిలో, నల్ల చెక్క మీద తెల్ల పెయింటుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉండేది. "ఇచట ధరలు అడగరాదు. వ్యాపారుల చిరునామాలు, ధరల పట్టీలు తేరాదు." ఫోన్లు లేవు, లింకులు లేవు గానీ బుద్ధి మాత్రం ఇదే. మద్రాసులో నాణేలు కొనే వ్యాపారి చిరునామా ఒక చీటీ మీద రాసిస్తే, ఆ చీటీయే ఆ రోజుల్లో లింకు.

అప్పుడు నేను గుంటూరులో మిషన్ స్కూల్లో కొత్తగా చేరిన టీచర్ని. మా ఊరు పర్చూరు దగ్గర. అమ్మ ఊళ్ళోనే ఉండేది. పత్తి తీతలకి, మిరప కోతలకి కూలికి వెళ్ళేది. సీజన్లో గుంటూరు మిరపకాయల కొట్లకి తొడిమలు తీసే పనికి వచ్చి నా గదిలోనే ఉండేది. నాన్న ఆ కొట్లలోనే బస్తాలు మోసి మోసి, నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే పోయాడు. మా ఊళ్ళో మా వాళ్ళ శ్మశానం పత్తి చేల మధ్య ఉంటుంది. నాన్నని అక్కడే పెట్టాం. పైన మట్టి దిబ్బ, తల దగ్గర ఒక కర్ర సిలువ. అంతకు మించి మా దగ్గర లేదు.

రేగడి నేల సంగతి ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నోరు తెరుస్తుంది. నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతిదాకా దిగుతుంది. దిబ్బ వేసిన మట్టిని తనలోకే లాక్కుంటుంది. మొదటి ఈస్టరుకే నాన్న దిబ్బ సగం కుంగిపోయింది. కర్ర సిలువకి చెద పట్టింది. ఈస్టరునాడు తెల్లవారుతుండగా మా పేట అంతా శ్మశానానికి వెళ్ళి, ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు పెట్టుకుని నిలబడి పాటలు పాడతారు. ఆ రోజు మా అమ్మ చేతిలో బంతిపూలు పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇదేనంటావా?" అని నన్నడిగింది. ఆ మాట నా గుండెలో దిగబడింది. తన మొగుడు ఎక్కడున్నాడో తనే ఇంకొకరిని అడగాల్సి వచ్చింది.

అప్పుడే అమ్మ పట్టుబట్టింది. మళ్ళీ ఈస్టరుకి ఆ చోట నాపరాయి వెయ్యాలి, దానిమీద పేరు చెక్కించాలి. నా జీతం అద్దెకీ, నాన్న వైద్యానికి చేసిన అప్పులకీ చాలేది కాదు. అమ్మ ఇంట్లో వెతికి వెతికి నాన్న తోలు తిత్తి ఒకటి బయటికి తీసింది. ఒకప్పుడు మా తాత పొగాకు పెట్టుకున్న తిత్తి. అందులో కాసిని వెండి బిళ్ళలు, నల్లగా ఉన్నాయి. ఒకటి మాత్రం మిగతావాటికంటే మందంగా, అంచు వంకరగా, మీద పారసీ అక్షరాలతో ఉంది.

"ఇయ్యి ఎంత చేస్తయ్యో కనుక్కోవే. చదువుకున్నోళ్ళ దగ్గిర తిరుగుతావుగా," అంది.

మా స్కూల్లో ఒకావిడ చెబితే ఆ మేడమీది సంఘానికి వెళ్ళాను. నెలకొక ఆదివారం మధ్యాహ్నం కూడేవారు. అంతా మగవాళ్ళు. అధ్యక్షుడు రిటైరైన ప్లీడరు, తెల్లటి పంచె, మెడలో తాడుకి కట్టిన భూతద్దం. నన్ను "రండమ్మా" అని మర్యాదగానే కూర్చోబెట్టాడు. బిళ్ళలు ఒక్కొక్కటీ చేతులు మారాయి. మందపాటి దాని దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు ముందుకు జరిగాయి. అందరికంటే ఎక్కువసేపు దాన్ని పట్టుకుంది ఒక పత్తి వ్యాపారి. భుజం మీద తువ్వాలు, వేలికి రాళ్ళ ఉంగరం. తిప్పి తిప్పి చూసి, బల్లమీద పెట్టేశాడు.

"ఇది ఎంత చేస్తుందండీ?" అన్నాను. "ఇట్లా నల్లగా ఉంటే తక్కువ పలుకుతుందా?"

అధ్యక్షుడు భూతద్దం పిడితో బల్ల మీద కొట్టాడు. కోపంగా కాదు. పిల్లలకి చెప్పినట్టు, నవ్వుతూ.

"ఆ మాట ఇక్కడ ఎత్తకూడదమ్మా. బోర్డు చూశారుగా. ధర గుమ్మంలోకి అడుగుపెడితే చరిత్ర కిటికీలోంచి దూకి పారిపోతుంది."

అందరూ నవ్వారు. నేనూ సిగ్గుతో నవ్వాను. అంతకుముందు ఎప్పుడో ఇద్దరు సభ్యులు ధర దగ్గర కాలర్లు పట్టుకున్నారట, సంఘం ముక్కలయ్యేంత పనయిందట, అప్పటినుంచీ ఆ నిబంధన. బాగానే ఉంది. కొట్టుకున్న ఇద్దరికీ ధర తెలుసు. శిక్ష మాత్రం తెలియని వాళ్ళకి పడింది. ఇంతకీ నేను అడిగిన రెండో ప్రశ్న ధర గురించి కూడా కాదు. నల్లగా ఉండొచ్చా, ఉండకూడదా అని అడిగాను. "తోమకండమ్మా" అని ఒక్క మాట. ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ ఆ మాట తెలుసు. ఒక్కడూ నోరు తెరవలేదు. అదీ ధర కిందికే వస్తుందని కాబోలు.

అధ్యక్షుడు మాత్రం పై నెల మళ్ళీ తెమ్మన్నాడు. మందపాటి దాన్ని ఆ పూట పైపైనే చూశాడు, దాని మీద అక్షరాలు తీరిగ్గా చదవాలన్నాడు. ఆ సంగతి అమ్మకి చెప్పాను. నేను బడికి వెళ్ళి వచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన చింతపండు పులుసు, కచికె బూడిద, కొబ్బరి పీచు. బిళ్ళలన్నీ పెళ్ళివారి చెంబుల్లాగా తళతళలాడుతున్నాయి. తొడిమలు తీసిన చేతులకి ఎప్పుడూ మంటే. ఆ మంట మీద పులుసు పడి వేళ్ళు ఎర్రగా పొంగిపోయాయి.

"ఎందుకమ్మా?" అన్నాను.

"పెద్దోళ్ళ ముందు పెట్టే వస్తువే. మసి పట్టి అట్టాగే తీసకపోతే ఏవనుకుంటారు? తోముకోటానికి ఇళ్ళల్లో బూడిద గూడా లేదా ఈళ్ళకి అనుకోరూ?"

మా అమ్మకి తెలిసిన మర్యాద అది. చుట్టం వస్తున్నాడంటే చెంబు తోమాలి. పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తున్నామంటే మురికిగా వెళ్ళకూడదు. మురికి మాట పడిన జాతికి ఆ భయం పుట్టుకతోనే వస్తుంది. అందులో తప్పు ఏముందో చెప్పమనండి నాకు.

రెండోసారి బల్లమీద పెట్టగానే గదిలో కొన్ని నాలుకలు చప్పరించిన చప్పుడైంది. అయ్యో అన్నారు, తలలు ఊపారు. ఎందుకు అయ్యో అంటే ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడు ఆ రోజు రాలేదు, ఒంట్లో బాగాలేదన్నారు. నేను మెట్లు దిగుతుంటే పత్తి వ్యాపారి వెనకాలే వచ్చాడు.

"చింతపండు పెట్టారా టీచరమ్మా? అయ్యో రామ! ఇంకేముంది, పోయింది. ఇప్పుడది ఉత్త వెండి. లోపల ఇట్టాంటివి మాట్లాడకూడదు గదా, అందుకని బయట చెబుతున్నా. మీ అమ్మగారిని తీసుకుని రేపు కొట్టుకి రండి, ఏదో ఒకటి చేద్దాం," అన్నాడు.

ఆ మాట అమ్మకి ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ అనుకుంటాను. విని, తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "నా చేత్తో నేనే పాడుచేశానా?" అంది. అంతే, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు కొట్టుకి వెళ్ళాం. పత్తి బోరేల మధ్య పరుపు మీద ఆయన, పక్కన ఒక దళారి. మాకు ముక్కాలిపీటలు వేశారు. ఆయన బిళ్ళలు దళారికి చూపించి, "నువ్వైతే ఎంత పెడతావు?" అని, భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. మిరపకాయల కొట్లలో, పశువుల సంతల్లో అప్పట్లో బేరం అట్లాగే సాగేది. తువ్వాలు కింద ఒకడి వేళ్ళు ఇంకొకడు పట్టుకుని ధర చెబుతాడు. ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడో వాళ్ళిద్దరికే తెలుసు. సరుకు తెచ్చిన రైతు ఎదురుగా నిలబడి తువ్వాలు వంక చూస్తూ ఉండాలి, అంతే. బళ్ళకొద్దీ మిరపకాయలు అట్లా గుడ్డ కింద అమ్ముడుపోవడం మా అమ్మ తొడిమలు తీస్తూ ఏళ్ళ తరబడి చూసింది.

తువ్వాలు కాసేపు కదిలింది. దళారి తల అడ్డంగా ఊపాడు. "తోమేశారుగా. తూకం తప్ప ఏం రాదండి," అన్నాడు.

"విన్నారుగా అమ్మా," అన్నాడు వ్యాపారి. "నేనైతే ఒక్కోదానికి నలభై ఇస్తా. మీ పరిస్థితి చూసి ఇస్తున్నా."

అమ్మ తిత్తి ఆయన ముందు బోర్లించింది. డబ్బు తీసుకుని నాతో బస్సెక్కింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నలబై చెప్పటానికి అంతసేపు ఏళ్ళు పిసుక్కోవాలంటావా? ఆ దళారి మోచెయ్యి చూశావా, ఎంత పైకి లేచిందో. పెద్ద ధరకే అట్టా లేస్తది."

"మరి అక్కడే అడగొచ్చుగా!"

"ఏవని అడగనే? అసలు ధర ఎంతో నాకు తెలిస్తే గదా అడిగేది. తెలిసినోడు ఒక్కడన్నా పైకి చెప్పాడా? మీ సంగంలో బోర్డు పెట్టారన్నావే, అదీ తువ్వాలేనే. కాకపోతే గోడకి తగిలించారు."

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా ఎక్కలేదు. పై నెల ఎక్కింది. ఎందుకో ఉండబట్టలేక మళ్ళీ ఆ మేడ ఎక్కాను. బల్ల మధ్యలో నీలం మఖమల్ గుడ్డ, దాని మీద మా మందపాటి బిళ్ళ. పక్కన పత్తి వ్యాపారి, పెళ్ళికొడుకు తండ్రిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అధ్యక్షుడు భూతద్దం పెట్టి చూస్తున్నాడు. నల్లగా ఉన్నప్పుడు పైపైన చూసిన మా బిళ్ళే ఇదని ఆయన పోల్చుకోలేదు.

"మన బందరు టంకశాలలో కొట్టింది! పుస్తకాల్లో చదవడమేగానీ కళ్ళతో ఇన్నాళ్ళకి చూశాను. ఎవరో తోమారు, తెలుస్తోంది. తోమితేనేం, దీని ఘనత దీనిదే. ఎక్కడ సంపాదించారండీ?"

"పర్చూరు వైపు ఒక పాత కుటుంబం," అన్నాడు వ్యాపారి.

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. లేచి నిలబడ్డాను.

"ఆ పాత కుటుంబం మేమేనండీ. మా అమ్మ మిరప తొడిమలు తీస్తుంది. తోమింది ఆవిడే. తోమేశారు కాబట్టి పాడైపోయిందని చెప్పి, దాన్ని ఈయన నలభై రూపాయలకి తీసుకున్నారు. మీరేమో ఘనత పోలేదంటున్నారు. ఎవరి మాట నమ్మమంటారు?"

అధ్యక్షుడు భూతద్దం పిడితో బల్ల మీద కొట్టాడు.

"అమ్మా, ధర ప్రస్తావన..."

"నేను అడగలేదండీ, చెబుతున్నాను."

"మీరు ఆవేశంలో ఉన్నారు. ఇలాంటివి బయట మాట్లాడుకోండి."

"బయటేనండీ జరిగింది. అందుకే లోపల చెబుతున్నాను."

వ్యాపారి చిన్నగా నవ్వి, "టీచరమ్మ గారు ఇష్టపడే ఇచ్చారు," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నేల చూపులు చూశారు. ఒకాయన నాతో, "పోనీయండమ్మా, సంఘం పరువు చూడండి," అన్నాడు. మా నాన్న సమాధి రాయి సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. చెప్పి జాలి అడుక్కోవాల్సిన ఖర్మ నాకేం పట్టింది? చెప్పులేసుకుని దిగి వచ్చేశాను.

నెల తిరిగాక పుస్తకం ఒకటి తిరిగి ఇవ్వడానికి ఆ గ్రంథాలయానికి వెళ్తే, సంఘం గది తలుపు తీసి ఉంది. బోర్డు మీద కొత్త పెయింటు మెరుస్తోంది. "అడగరాదు" పక్కన "చెప్పరాదు" అని చేర్చారు. వాళ్ళు నా మాటకి ఇచ్చిన జవాబు అది.

ఆ వ్యాపారి మీద నాకున్న కోపం ఎప్పుడో పాతబడింది. వాడు వ్యాపారి, వాడి పని వాడు చేశాడు. నా కోపమంతా ఆ ప్లీడరు గారి మీద. ఆయన జీవితంలో ఒక్క నాణెం అమ్మలేదట, దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు. అమ్మాల్సిన అవసరం పడనివాడికి ధర మురికి మాటలాగే వినిపిస్తుంది. తన చెయ్యి శుభ్రంగా ఉంచుకోవడానికి తువ్వాలు నేసి ఇచ్చాడు. దాని కింద ఎవరి వేళ్ళు ఎవరు పట్టుకుంటున్నారో వంగి చూడలేదు. ఆ తరవాత ఎన్నో సంఘాల్లో, ఎన్నో చోట్ల ఇలాంటి మంచివాళ్ళని చూశాను. దొంగనైతే నిలదీయొచ్చు, ఈ మంచివాళ్ళని ఏమని నిలదీస్తాం?

నాపరాయికీ, పేరు చెక్కే వాడికీ అయ్యే ఖర్చులో సగానికి కూడా ఆ డబ్బు సరిపోదని తేలింది. ఉన్న దాంతో ఇటుకలు తెచ్చి నాన్న చుట్టూ గట్టు కట్టించాం. కింద పునాది లేకుండా రేగడిలో గట్టు నిలవదమ్మా అని మేస్త్రి ముందే చెప్పాడు. పునాదికి ఎక్కడిది? ఆ ఈస్టరుకి మాత్రం అమ్మ ఎవరినీ అడగకుండా నేరుగా వెళ్ళి నిలబడింది. మరుసటి ఎండాకాలం గట్టు నిలువునా చీలింది. తర్వాత వానలకి ఇటుకలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. "చింతపండు పెట్టకుండా ఉంటే రాయి వచ్చేది," అనేది అమ్మ. కాదమ్మా, నీ చెయ్యి కాదు, వాళ్ళు ఘనత పోలేదన్నారమ్మా, అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పోయేదాకా తన చేతినే తిట్టుకుంది.

ఈమధ్య వేలం పాటల ధరలు ఫోనులో కనబడుతున్నాయి. మా బిళ్ళ లాంటిది, తోమినదే, ఎంతకి పోయిందో చూశాను. ఆ డబ్బుతో ఆ నాడు మా శ్మశానంలో ఉన్న సమాధుల వరసంతటికీ రాళ్ళు వేయించొచ్చు.

అందుకని మొన్న ఆ పిల్ల ప్రశ్న తీసేసిన చోటే నేను రాశాను. నాణెం ఏదో, ఎంత పలకొచ్చో, వేలం ధరలు ఎక్కడ చూడాలో, ఆ లింకుతో సహా. "తోమొద్దు తల్లీ. ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళొద్దు. ఏ బేరమైనా పదిమంది ముందే చెయ్యి," అని కూడా రాశాను. కాసేపట్లో ఆ రాత పోయింది. నన్నూ తీసేశారు. ఆ పిల్ల చదివిందో లేదో తెలియదు.

మా ఇంట్లో వాళ్ళు నవ్వుతున్నారు, ఇంత చిన్న విషయానికా అని.

ఎనభైల చివర్లో అమ్మ పోయింది. నాన్న పక్కనే పెట్టమంది, ఇంకేమీ అడగలేదు. ఆ యేడు వానలు ఎక్కువ, శ్మశానం అంతా ఒకే మడిలా చదునుగా ఉంది. గట్టు లేదు, సిలువ లేదు. తవ్వేవాళ్ళు పలుగులు పట్టుకుని, "ఎక్కడమ్మా?" అని నా మొహం వంక చూశారు. ఊళ్ళో వాళ్ళు తలా ఒక చోటు చూపించారు. అమ్మ ఉంటే చెప్పేదేమో. ఒక ఇటుక ముక్కయినా తగులుతుందని నేను కాలితో మట్టి కెలికాను. ఏమీ తగల్లేదు. చివరికి నా వేలితోనే ఒక చోటు చూపించాను. అక్కడే తవ్వారు. ఇప్పుడు అమ్మ మీద రాయి ఉంది, పేరు ఉంది, కింద పునాది కూడా ఉంది. ఆవిడ పక్కన నాన్న ఉన్నాడో లేదో నాకు తెలియదు.